వాపస్ వచ్చిన గులాల్ మూటలు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నీకింకా రాలేదు అంటుంది మా ఆవిడ. నిజమే. నేను చెప్పబోయేది నిజాం కాలం నాటి సంగతేమీ కాదు. ఊరూరికీ ఫోన్లు వచ్చాక, ఆ ఫోన్లలో వార్తలు రావడం మొదలయ్యాక జరిగిందే. కానీ బీదర్ గంజ్ బజారులో గల్లా ముందు కూర్చుని పొద్దస్తమానం పసుపూ కుంకుమా తూచే మనిషికి, తానూ ఒకప్పుడు రిపోర్టర్‌నే అని గుర్తొస్తే అది పోయిన జన్మ సంగతిలాగే ఉంటుంది. ఆ జన్మలో నా జేబుకు ఒక పెన్ను, మెడలో ఒక కార్డు, గొంతులో ఒక బరువు ఉండేవి. పెన్నుతో ఏమీ రాసేవాణ్ణి కాదు. కార్డు నేనే జిరాక్స్ షాపులో చేయించుకున్నాను. గొంతు మాత్రం స్నానాల గదిలో రోజూ సాధన చేసి తెచ్చుకున్నది. 'ఇప్పుడే అందిన వార్త' అని నేను లోపల అంటుంటే మా అమ్మ బయటి నుంచి, "నీళ్లు అయిపోతున్నయ్, జల్ది రా బయటికి" అని తాజా వార్త అందించేది.

మా చానెల్ ఆఫీసు కర్ణాటక సరిహద్దు అవతల, తెలంగాణలోని జహీరాబాద్‌లో, ఒక మొబైల్ దుకాణం మీది గదిలో ఉండేది. ఫోన్లలో మాత్రమే కనిపించే తెలుగు చానెల్ అది. బీదర్ చుట్టుపక్కల ఊళ్లలో మావాళ్లు తరతరాలుగా ఉన్నారు. బడిలో, కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. వాళ్లకు అటువైపు వియ్యంకులు, మేనమామలు బోలెడంత మంది. ఇక్కడ పంచాయతీ ఎలక్షన్‌లో ఎవరు గెలిచారో అక్కడి చుట్టాలకు మనకంటే ముందు కావాలి. అందుకని మా ఎడిటర్ సార్ నన్ను బీదర్ ప్రతినిధిగా నియమించాడు. జీతం సంగతి అడిగితే, "ముందు పేరు తెచ్చుకో తమ్మీ, మిగతాది దానెంబడే వస్తది" అన్నాడు. (పేరు వచ్చింది. మిగతాది ఇప్పటికీ దారిలోనే ఉంది.)

ఇంట్లో అప్పటికే పంచాయతీ అయిపోయింది. మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, గంజ్‌లో పూజసామాను దుకాణం. ఆయనకు కొడుకులు లేరు. గల్లా మీద నన్ను కూర్చోబెట్టాలని ఆయన ఆశ. అమ్మ మధ్యవర్తిగా ఒక తీర్పు చెప్పింది: "గీ ఎలక్షన్ దాక వాన్ని వాని మానాన వదిలెయ్యి. నలుగురు మంచిగ చెప్పిండు అంటే రిపోర్టరే కానియ్యి. లేకుంటే తెల్లారి నీ దుకాణంల కూసుంటడు." మామ నావైపు ఒకసారి చూసి, నేను కూర్చోబోయే గద్దె దులపడానికి కొత్త గుడ్డ ఒకటి కొన్నాడు. ఆ గుడ్డ కనపడ్డప్పుడల్లా ముఖం తిప్పుకునేవాణ్ణి. పసుపు చేతులతో బతకడమంటే ఆ వయసులో నాకు చావుతో సమానం.

కౌంటింగ్ రోజు పొద్దున్నే, ఇస్త్రీ చొక్కాతో, బీదర్‌లో ఓట్లు లెక్కించే కాలేజీ గేటు ముందుకు వెళ్లాను. పత్రికలవాళ్లందరికీ పాసులు ఇచ్చారు. నాకు రాలేదు. పాసు కోసం నేనిచ్చిన ఫోటోలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఆకాశంలోకి ఆలోచనగా చూస్తున్నానట. గేటు దగ్గరి పోలీసాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "పాస్ ఇల్ల అంద్రె ఒళగె బిడల్ల" అన్నాడు, పాసు లేకుంటే లోపలికి వదలనని. నాకు వచ్చిన కన్నడమంతా కూడదీసి ప్రజాస్వామ్యం గురించి చెప్పబోయాను. ఆయన లాఠీతో రోడ్డు అవతలి వైపు చూపించాడు. గేటు బయట చూద్దామా అంటే, అన్ని ఊళ్ల జనమూ కలిసిపోయి ఎర్రటి గులాల్ రంగులో మునిగి తేలుతున్నారు. ఎర్రబడ్డాక మనుషులంతా ఒకేలా ఉంటారు, ఏ ఊరివాడు ఎవరి తరఫున ఎగురుతున్నాడో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఎడిటర్ సార్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచక, ఏడుపుముఖం పెట్టుకుని, సందు దాటితే వచ్చే మామ దుకాణానికే వెళ్లి కూర్చున్నాను.

ఇక్కడ మా మామ వ్యాపారం సంగతి చెప్పాలి. మావైపు ఎలక్షన్ గెలిచినవాళ్లు గులాల్ ఆడకుండా ఊళ్లోకి పోరు. అందుకని కౌంటింగ్‌కు ముందే పోటీలో ఉన్నవాళ్లందరూ మామ దగ్గర తలో మూట తీసుకుపోతారు. గెలిస్తే మూట విప్పుతారు, ఓడితే కుట్టు విప్పని మూట వాపస్ తెచ్చి ఇస్తారు. దానికి మామ షరతులు రెండే. ఒకటి, దీపాలు పెట్టేలోపు తేవాలి, ఆ తర్వాత ఆయన వాపస్ తీసుకోడు. రెండోది ఆయన తనకు తాను పెట్టుకున్నది: మూట తెచ్చినవాణ్ణి ఏమీ అడగకూడదు. "ఓడి వచ్చినోన్ని ఎట్లైంది అని అడుగుతరార ఎవరన్న? మూట తీస్కోవాలె, చాయ్ తాగిపియ్యాలె, సాగనంపాలె. గంతే" అనేవాడు. ఎవరు గెలవాలని ఉంది మామా అంటే, "నాకైతే అందరు గెలవాల్ననే ఉంటది. దేవుడే ఒక్కన్ని గెలిపిచ్చి నా బేరం ఖరాబ్ చేస్తుండు" అని నిజంగా బాధపడేవాడు.

నేను అలా కూర్చుని ఉండగా జనవాడ వైపు నుంచి పోటీ చేసిన ఒక పెద్దాయన వచ్చి మూట దించాడు. మామ మూట తీసుకున్నాడు, చాయ్ తాగించాడు, సాగనంపాడు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఆ వార్డులో ఉన్నది ఇద్దరే. ఈయన మూట వాపస్ వచ్చిందంటే రెండో ఆయన గెలిచినట్టే కదా! లోపల మైకులో పేరు చదివి, కాగితం మీద సంతకాలు పడి, అది పాసులున్న పెద్దమనుషుల చేతికి వచ్చేసరికి ఎంత లేదన్నా ఒక గంట పడుతుంది. మూట మాత్రం నేరుగా సందు దాటి వచ్చేస్తుంది. వెంటనే ఎడిటర్ సార్‌కు ఫోన్ చేసి లైవ్‌లోకి వెళ్లాను. తెర మీద నా నల్ల కళ్లద్దాల ఫోటో, వెనక నా బరువైన గొంతు. కాసేపటికి అధికారికంగా కూడా అదే తేలింది. ఆ తర్వాత మూట వెంట మూట, ఫలితం వెంట ఫలితం. మధ్యాహ్నం దాటేసరికి ఎడిటర్ సార్ గొంతు మారిపోయింది. "తమ్మీ, నువ్వు లోపల ఏ మూలకు ఉన్నవయ్యా? పెద్ద పెద్ద చానెళ్లోళ్లు నిన్ను చూసి రాస్తుండ్రు" అన్నాడు. "సోర్సులు బయటపెట్టకూడదు సార్" అన్నాను. నా సోర్సు పక్కనే ఊదుబత్తీల డబ్బా మీద కాలు పెట్టుకుని కునుకు తీస్తోంది.

మా అక్క గురించి ఇక చెప్పక తప్పదు. జనవాడ దాటాక ఒక చిన్న ఊళ్లో ఆమె అత్తగారిల్లు. (ఊరిపేరు రాస్తే కొడతానంది.) ఆ వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. మా బావ తన పెళ్లాంతో నామినేషన్ వేయించాడు. బావ తమ్ముడు, అంటే చిన్న బావ, "ఎప్పటికి పెద్దోళ్లేనా?" అని పంతం పట్టి తన పెళ్లాంతోనూ వేయించాడు. అన్నదమ్ములకు మాటలు బంద్. తోటికోడళ్లకు మాత్రం అంత తీరిక లేదు. ఒకటే వాకిలి, ఒకటే వంటిల్లు, ఒకటే అత్తమ్మ. ఒకరిది కుట్టు మిషన్ గుర్తు, ఒకరిది కుక్కర్ గుర్తు. ఇద్దరూ పొద్దున్నే కలిసి రొట్టెలు కొట్టి, కలిసే ప్రచారానికి బయల్దేరి, ఒక గడప ముందు నిలబడి వంతులవారీగా ఓటు అడిగి వచ్చేవారు. అక్క తోటికోడలిని నేను చిన్నక్క అనేవాణ్ణి. నేనెప్పుడు వెళ్లినా నా పళ్లెంలో అక్కకంటే ఎక్కువ నెయ్యి వేసేది ఆమే. బావలిద్దరూ ఒకే రోజు, ఒకరినొకరు చూడనట్టు నటిస్తూ, మామ దగ్గర తలో మూట పట్టుకుపోయారు.

పొద్దు వాలుతుండగా మా పెద్ద బావ స్కూటర్ మీద వచ్చాడు. ముందర కాళ్ల దగ్గర మూట. దాన్ని దించి, నావైపు కూడా చూడకుండా, "తీస్కోరి మామా" అన్నాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. మామ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు, ఇంటి అల్లుణ్ణి ఓడి వచ్చినప్పుడు అడిగేంత మర్యాద లేనివాణ్ణా నేను? చాయ్ తాగి వెళ్లిపోయాడు. మా అక్క ఓడిపోయింది. నాకు నిజంగానే బాధేసింది. కానీ ఆ వయసులో మనిషికి దుఃఖం కూడా ఒక అవకాశంలాగే కనిపిస్తుంది. లైవ్‌లోకి వెళ్లి, "ప్రేక్షకులారా, ఈ వార్డులో ఓడిపోయింది స్వయంగా నా సొంత అక్క. అయినా వార్త వార్తే" అన్నాను. ఎడిటర్ సార్ పొంగిపోయి, "అక్కడి వాతావరణం ఎట్లున్నది చెప్పు" అన్నాడు. నేను ఊదుబత్తీల మధ్య కూర్చుని కళ్లు మూసుకుని, "ఊరంతా ఎర్రబడింది సార్! కొత్త మెంబరును భుజాల మీద ఎత్తుకున్నారు. వీధివీధినా గులాల్, ఆకాశం కనిపించడం లేదు" అని చెప్పుకుంటూ పోయాను. మెచ్చుకోళ్లు వినడానికి సందు చివరిదాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చేసరికి మామ రెండు మూటల ముందు నిలబడి ఉన్నాడు.

"అరేయ్, ఇప్పుడే చిన్న అల్లుడు గూడ వచ్చి మూట ఇచ్చిపోయిండు. ఇద్దరు ఓడినంక గెలిచింది ఎవలురా?"

నేను రెండు మూటల కుట్లూ తడిమి చూశాను. ఒక్క దారం తెగలేదు. ఆ వార్డులో పోటీ పడింది వాళ్లిద్దరే. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, బావలిద్దరివీ బందున్నాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ గెలవని ఎలక్షన్‌ను ముందుగా ప్రకటించిన ఘనత నాకే దక్కేలా ఉంది. మామ కొత్త గుడ్డ గద్దె మీద మడిచి పెట్టి ఉంది. ఆయన స్కూటర్ తాళం లాక్కుని ఊరి దారి పట్టాను.

వెళ్లేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. మధ్యలో కుర్చీ, కుర్చీలో చిన్నక్క. మెడలో బంతిపూల దండ, నుదుటి మీద చేతివెడల్పు కుంకుమ. పాపం, కౌంటింగ్ దగ్గర గుండెదడ తట్టుకోలేక ఆమె మధ్యలోనే బస్సెక్కి ఇంటికి వచ్చేసిందట. వచ్చి కూర్చోగానే ఎవరి ఫోన్లోనో నా వార్త వినిపించింది. అత్తమ్మ పొద్దున్నే తెప్పించి పెట్టుకున్న రవ్వతో తీపి షీరా చేసేసింది. నన్ను చూడగానే చిన్నక్క లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "తమ్మీ, నువ్వు చెప్పేదాక నమ్మలే నేను. బడికి పోని దాన్ని, నాకెవలు ఓటేస్తరు అనుకున్న. గని అక్క ఏడుస్తున్నదా? నీకు ఫోన్ చేసిందా? నేను వీళ్లకు గట్టిగ చెప్పిన, అక్క ఇంటికొచ్చేదాక ఎవ్వరు రంగు ముట్టొద్దని." ఆమె కళ్లలో నీళ్లు, ముఖం నిండా సంతోషం. అంత సంతోషంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు. 

అప్పుడే ఆటో ఆగింది. అక్క దిగింది. ఆమె వెంట వచ్చే జనం జీపు ఇంకా వెనకే ఉంది. వాకిట్లో దండ, కుర్చీ, షీరా పళ్లేలు, నా ముఖం, ఈ నాలుగూ చూసేసరికి ఆమెకు జరిగింది అర్థమైపోయింది. నన్ను ఆటో చాటుకు లాగింది.

"ఏం చెప్పినవ్‌రా?"

"నువ్వు ఓడినవని. బావ మూట వాపస్ తెచ్చిండు గదా అక్కా!"

"నేనే పంపిన. అది, మీ చిన్నక్క, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని బస్సెక్కిపోతే, అదే వాకిట్ల నేను గులాల్ ఎట్ల ఆడాలె? బ్యాండు మాట్లాడిన, లారీ మాట్లాడిన అని మీ బావ మూతి ముడుచుకున్నడు. ముడుచుకుంటె ముడుచుకో అన్న."

అంటే గెలిచింది మా అక్కే.  సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది, ఎడిటర్ సార్. అధికారిక ఫలితం వచ్చేసి ఉంటుంది. ఫోన్ ఎత్తి వెంటనే లైవ్‌లో దిద్దుకుంటే నా పని నిలబడుతుంది. కానీ వాకిట్లో పది ఫోన్లు అదే చానెల్ పెట్టుకుని ఉన్నాయి. దండ వేసుకున్న మనిషి దండతోనే, అందరి ముందూ, నా గొంతులోనే వినాలి తాను ఓడిందని. అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఎత్తకు తమ్మీ. ముందు దాన్ని షీరా తిననియ్యి. నేను చెప్త."

ఎత్తలేదు. పళ్లెం పట్టుకుని నిలబడి షీరా తిన్నాను. ఫోన్ మోగుతూనే ఉంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. ఒక్కో మోతకు మామ కొత్త గుడ్డ కళ్ల ముందు మెదిలేది. నాకు ఏడుపొచ్చింది. షీరాలో నెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఎక్కువగా ఉంది.

అక్క, చిన్నపిల్లను పిలిచినట్టు, చిన్నక్కను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.  ముందు వెక్కిళ్లు వినిపించాయి. తర్వాత ఏదో గిన్నె కింద పడింది. ఇంకాసేపటికి ఇద్దరి నవ్వూ ఒకేసారి వినిపించింది. చిన్నక్క ముక్కు ఎగబీల్చుకుంటూ బయటికి వచ్చి, తన మెడలో దండ తీసి అక్క మెడలో వేసి, "గులాల్ ఏదే? మెంబరమ్మకు గులాల్ ఎయ్యరా?" అని కేకేసింది. గులాల్ ఎక్కడిది? రెండు మూటలూ మా మామ దగ్గర ఊదుబత్తీల పక్కన క్షేమంగా ఉన్నాయి. హారతి పళ్లెంలో కుంకుమ తీసి అక్కకు పూసింది, మిగిలిందంతా నా ముఖానికి పూసింది. "నా ఇంత ఖుషీ ఎవలికి దొరుకుతది తమ్మీ? ఓడి గూడ దండ ఏసుకున్న" అంది. అత్తమ్మ ఇదంతా చూసి, "షీరా ఎవలు గెల్చినా చేసేదే. ఇద్దరికి ఓటేద్దామంటె ఒక్కటే నొక్కాలె అన్నరు, పాడు మిషన్" అని లోపలికి వెళ్లిపోయింది. ఎవరికి నొక్కిందో ఆ ఇంట్లో ఎవరూ ఇప్పటిదాకా అడగలేదు. భోజనాల వేళకు బావలిద్దరూ ఒకే స్కూటర్ మీద వచ్చారు. మామ దుకాణం పక్క సందులో కలిశారట. ఎవరు ముందు మాట్లాడారన్న విషయంలో మాత్రం ఇద్దరికీ ఇంకా పేచీ ఉంది.

కుంకుమ ముఖంతో గంజ్‌కు తిరిగి వస్తుంటే, నేనేదో గెలిచి వచ్చాననుకుని దారి పొడవునా జనం చేతులు కలిపారు. ఎడిటర్ సార్ చివరికి ఒక్క మాటే పంపాడు: నీకు ఊహ బాగుంది, సీరియళ్లు రాసుకో. మామ ఏమీ అడగలేదు. చాయ్ తెప్పించాడు. తాగాను. ఓడి వచ్చినవాడి మర్యాదలన్నీ పూర్తయ్యాక కొత్త గుడ్డ నా చేతికిచ్చాడు. 'మూట రిపోర్టర్' అన్న పేరు మాత్రం గంజ్‌లో నాకు స్థిరపడిపోయింది. పేరు తెచ్చుకో అన్న మా ఎడిటర్ సార్ మాట వృథా పోలేదు.

మొన్నటి ఎలక్షన్‌కు మామ లేడు. గల్లా మీద నేనే ఉన్నాను. ఆ వార్డు మళ్లీ ఆడవాళ్లకే వచ్చింది, తోటికోడళ్లిద్దరూ మళ్లీ నిలబడ్డారు. ఈసారి బావలిద్దరూ కలిసే వచ్చి ఒక్కటే మూట తీసుకున్నారు. "రెండు ఎందుకు? ఎవలు గెల్చినా విప్పుతం" అన్నాడు చిన్న బావ. కౌంటింగ్ రోజు నా దుకాణంలో కొత్త రిపోర్టర్ ఒకడు వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో మెరిసే కార్డు. పాసు దొరకలేదట. ఎవరు చెప్పారో, మూటల సంగతి వాడికి తెలిసిపోయింది. "అన్నా, ఆ ఊరి మూట వాపస్ వచ్చిందా?" అన్నాడు. దీపాలు పెట్టే వేళయింది. రాలేదన్నాను. "అంటే గెలిచింది ఎవలు?" అన్నాడు. "నాకేం తెలుసు? పోయి చూసి రా" అన్నాను. వాడు నావైపు జాలిగా చూసి, ఫోన్ ఎత్తి, ఎవరి పేరూ చెప్పకుండా గొంతు బరువు చేసుకున్నాడు. "సార్, ఇక్కడ ఊరంతా ఎర్రబడింది! వీధివీధినా గులాల్..."

ఆపుదామని సగం లేచాను. మళ్లీ కూర్చుని వాడికి చాయ్ చెప్పాను. వాడు చూడకుండానే చెబుతున్నాడు గానీ, ఈసారి అది నిజమే.